వికటకవి పాలిండ్రోమ్ కాదట!

జావాస్క్రిప్టుని ఒకసారి అడిగి చూడండి, "వికటకవి" అన్న మాటని ఇటునించి చదివినా అటునించి చదివినా ఒకటేనా అని. కాదంటుంది. తెనాలి రామకృష్ణుడి బిరుదంటూ చిన్నప్పట్నించీ చెప్పుకుంటున్న మాట, పాలిండ్రోమ్ అనే ఇంగ్లీషు ముక్క చెవిన పడకముందే మనందరికీ తెలిసిన పాలిండ్రోమ్, కంప్యూటరు దగ్గరకెళ్ళేసరికి ఫాల్స్ అయి కూర్చుంది.

ఎలా అడగాలో మీకు నేను చెప్పక్కర్లేదు. స్ప్లిట్, రివర్స్, జాయిన్. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో మనం రాసిందీ అదే, ఇప్పుడు ఇంటర్వ్యూలు చేస్తూ కుర్రాళ్ళ చేత రాయిస్తున్నదీ అదే. స్ప్లిట్‌కి ఖాళీ స్ట్రింగు ఇస్తే అక్షరాలు విడిపోతాయని మనకెవరో చెప్పారు, మనం నమ్మాం. విడిపోయేవి అక్షరాలు కావండీ. వ, దాని మీది గుడి, క, ట, క, మళ్ళీ వ, మళ్ళీ గుడి. మొత్తం ఏడు ముక్కలు. తిరగేస్తే అన్నిటికంటే ముందు గుడి వచ్చి నిలబడుతుంది, కింద ఊరు లేకుండా.

ఇందులో జావాస్క్రిప్టుని తిట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 1995లో పుట్టిన భాష, అప్పటికి దానికి తోచిన లెక్క అది. నా గొడవంతా ఆ తర్వాత దాని చుట్టూ పుట్టగొడుగుల్లా మొలిచిన చిన్న చిన్న యుటిలిటీ లైబ్రరీలతో, వాటిని కళ్ళు మూసుకుని ప్రాజెక్టులోకి లాక్కొచ్చే మనతో. "స్ట్రింగుని ముక్కలు చెయ్యడానికి లైబ్రరీ ఉంది కదా, మళ్ళీ మనం రాయడం ఎందుకు?" అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. అందరూ తలూపుతారు. ముక్క అంటే ఏమిటి అని మాత్రం ఎవరూ అడగరు.

"తెలుగు" అన్న మాటనే తీసుకోండి. పలక మీద రాస్తే మూడు అక్షరాలు. జావాస్క్రిప్టులో లెంగ్త్ అడిగితే 6. యూటీఎఫ్-8లో సర్వరుకి పంపిస్తే 18 బైట్లు. మూడూ నిజమే. డిస్కులో ఎంత చోటు పడుతుందో తెలియాలంటే 18 కావాలి. లైబ్రరీ లోపల చేసుకునే లెక్కకి 6 కావాలి. మనిషికి చూపించాలన్నా, కత్తిరించాలన్నా, లెక్కపెట్టాలన్నా 3 కావాలి. ఇంగ్లీషు "క్యాట్"కి మూడు లెక్కలూ 3 అనే వస్తాయి కాబట్టి, రాసినవాడికి ఇవి మూడు వేర్వేరు సంగతులని తట్టనే లేదు. తట్టలేదని వాణ్ణి తప్పుపట్టను. మనకి తట్టకపోవడమే నాకు అర్థం కాదు.

సరే, అసలు విషయానికొస్తాను. లోడాష్ తెలియనివాళ్ళు మనలో లేరు. 2016లో వచ్చిన దాని 4వ వెర్షను వరసలో స్ట్రింగుని ముక్కలు చేసే ఫంక్షను కోడు తెరిచి చూడండి (ఓపెన్ సోర్సే, ఎవరూ తలుపు వెయ్యరు). లోపల హ్యాజ్‌యూనికోడ్ అని ఒక చిన్న ఫంక్షను ఉంటుంది. ఇచ్చిన స్ట్రింగులో యూనికోడు ఉందా లేదా అని చూసి, ఉంటే జాగ్రత్తగా కోస్తుంది, లేకపోతే మామూలుగా కోసేస్తుంది. ఎంత బుద్ధిమంతురాలో కదా! ఇప్పుడు దానికి అచ్చమైన తెలుగు స్ట్రింగు ఇవ్వండి. యూనికోడు లేదంటుంది.

నిజమేనండీ, ఎకసెక్కం కాదు. ఆ ఫంక్షను వెతికేవి కొన్నే: ఎమోజీల లాంటి పెద్ద నంబర్ల గుర్తులు, లాటిన్ అక్షరాల నెత్తిన పెట్టే చిహ్నాలు, ఎమోజీలని అతికించే కనబడని జిగురు, వేరియేషన్ సెలెక్టర్లు. అంతే. యూనికోడులో తెలుగుకి 128 గడులున్న సొంత అర ఉంది. దాంట్లో ఒక్క గడి వైపు కూడా ఇది తొంగి చూడదు.

దీని ఫలితం వినండి. అమ్మ, నాన్న, కూతురు, కొడుకు కలిసున్న కుటుంబం ఎమోజీ ఉంది కదా, జావాస్క్రిప్టు లెక్కలో దాని పొడవు 11. లోడాష్ దాన్ని ఒకే ఒక్క ముక్కగా, కుటుంబం చెదరకుండా ఇస్తుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఇవ్వండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు ముక్కలు! పసుపు బొమ్మల కుటుంబం మీద ఉన్న శ్రద్ధ రెండువేల ఏళ్ళ నాటి మాట మీద లేదు. పోనీ చేతకాలేదా అంటే అదీ కాదు. ఒక గుర్తు పక్కన ఇంకో గుర్తు వస్తే రెండిటినీ కలిపి ఒకటిగా చూడడం ఎలాగో దానికి శుభ్రంగా తెలుసు. ఆ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనులో మన గుణింతాలనీ పొల్లునీ చేర్చడం ఒక లైను పని. ఎవరూ అడగలేదు. అడగాల్సింది ఎవరు? స్వీడన్ వాళ్ళా?

ఎమోజీలు ఫోన్లలోకి వచ్చాక జావాస్క్రిప్టు లోకమంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. నవ్వు బొమ్మ రెండు ముక్కలవుతోందని వ్యాసాలే వ్యాసాలు. స్ప్లిట్ వాడకండి, 2015 జావాస్క్రిప్టులో వచ్చిన స్ప్రెడ్ వాడండి, అన్నీ సర్దుకుంటాయి అని ప్రవచనాలు. మనవాళ్ళూ అదే వల్లె వేశారు. స్ప్రెడ్ వాడినా "స్త్రీ"కి ఆరు ముక్కలే. స్ప్రెడ్ అతికించేది రెండు యూనిట్లుగా చీలిపోయిన గుర్తుల్ని. మన అక్షరాల సమస్య అది కానే కాదు, మనకి ప్రతి గుర్తూ ఒక్క యూనిట్టే. వేరే రోగానికి రాసిన మందు తెచ్చి మనం మింగాం.

అండర్‌స్కోర్.స్ట్రింగ్ అని ఇంకో పాత చుట్టం ఉంది. దాంట్లో ప్రూన్ అనే ఫంక్షను మాట మధ్యలో తెగకుండా వాక్యాన్ని కుదించి చివర మూడు చుక్కలు పెడుతుంది. పెద్దమనిషి తరహా. ఏది అక్షరం ఏది కాదు అని తేల్చడానికి అది చేసే పరీక్షేమిటో తెలుసా? పెద్దబడికీ చిన్నబడికీ తేడా ఉందా అని చూస్తుంది. ఉంటే అక్షరం, లేకపోతే ఖాళీ జాగా కింద లెక్క. మన భాషలో పెద్దబడి ఎక్కడిది మహాప్రభో! అందుచేత తెలుగు వాక్యం మొత్తం దానికి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీని చివర్నించి తుడిచేస్తుంది. వార్త శీర్షిక ఇచ్చి కుదించమంటే మీకు మిగిలేది మూడు చుక్కలు. ఆ పరీక్షతో రష్యన్, గ్రీకు గట్టెక్కుతాయి, వాటికి రెండు బడులూ ఉన్నాయి కాబట్టి. మనం పోయాం. హిందీ వాడూ పోయాడు, అరబ్బీ వాడూ పోయాడు.

అక్షరాల్ని ఒక్కొక్కటిగా ఎగరేయడానికి, దొర్లించడానికి స్ప్లిటింగ్.జెఎస్ అని బుల్లి లైబ్రరీ ఉంది. ఇప్పుడు ప్రతి పెళ్ళికీ ఒక వెబ్‌సైటు కదా, శుభలేఖ మీద పేర్లు పైనించి ఒక్కో అక్షరం రాలాలి. "కళ్యాణం" రాలుతుంది చూడండి: క, ళ, ఒక సున్నపుచుక్కల గుండ్రానికి వేలాడే పొల్లు, య, దిక్కులేని దీర్ఘం... పెళ్ళికొడుకు తానే సాఫ్టువేరు ఇంజనీరు అయ్యుంటాడు. చూసి, తెలుగు ఫాంటు బాలేదని ఇంగ్లీషులోకి మార్చేస్తాడు. నేరం ఫాంటు మీదకి పోయింది!

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో మాటల్ని విడగొట్టేవాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్యాక్‌స్లాష్ పెద్ద డబ్ల్యూ ప్లస్ పెట్టి స్ప్లిట్ చేస్తే, "తెలుగు భాష" అన్న స్ట్రింగుకి రెండు ఖాళీ స్ట్రింగులు వస్తాయి. మాటలు కాదు, ఖాళీలు. 2018 నించి యూనికోడు గుణాలని బట్టి వెతికే సౌకర్యం వచ్చింది కదా అని కొందరు "అక్షరం" అన్న గుణం ఒక్కటే పెడతారు. అప్పుడు "తెలుగు" కాస్తా త, ల, గ అయిపోతుంది. గుణింతాలు "మార్క్" అనే వేరే గుణం కింద ఉంటాయి, రెండూ కలిపి పెట్టాలి. వెతుకులాటలో తెలుగు దొరకడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి నేను చాలానే చూశాను.

కనబడని అక్షరాల గోల ఇంకొకటి. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్‌కీ వేకీ మధ్య కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. "చెత్త గుర్తులు తీసేస్తాను" అని ముందుకొచ్చే లైబ్రరీ దాన్ని తీసేస్తే "సాఫ్ట్వేర్" అవుతుంది. మన పొట్టకూటి పేరే సరిగ్గా పలకదు. (ఇందుకే కాబోలు పాతకాపులు సాఫ్టువేరు అని అజంతంగా రాసేవాళ్ళు. నేనూ ఆ బాపతే.)

ఇదంతా ఇంజనీర్ల చాదస్తం, దీనివల్ల ఎవడి కొంప మునిగింది అంటారా? మా పెద్దమ్మ పేరు వెంకట సుబ్బలక్ష్మమ్మ. ఒక ఆఫీసు (ఏదో ఎందుకులెండి) ఆన్‌లైను దరఖాస్తులో పేరుకి 16 "క్యారెక్టర్లు" అని హద్దు పెట్టారు. కార్డు మీద "వెంకట సుబ్బలక్ష్" అని పడింది. ఇంగ్లీషులో రాసినా ఆ పేరు 16లో పట్టదు, ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషులో తెగితే మిగిలినవన్నీ నిఖార్సయిన అక్షరాలు, చదివినవాడికి పేరు తెగిందని అర్థమవుతుంది. ఇక్కడ తెగింది అక్షరమే. క్ష కింద మ రావాలి, మకారం పోయి పొల్లు మిగిలింది. కౌంటరులో కూర్చున్నాయన ఇది వేరే మనిషి పేరన్నాడు. డెబ్భయ్యేళ్ళ మనిషి రెండు సార్లు బస్సెక్కి వెళ్ళాల్సొచ్చింది. ఆ హద్దు కోడులో పెట్టినవాడు మన తెలుగువాడే అయ్యుంటాడని నా అనుమానం, ఫారం మీది తెలుగు అంత బావుంది మరి.

పేర్లంటే గుర్తొచ్చింది. ప్రొఫైలు ఫొటో లేకపోతే పొడి అక్షరాలు గుండ్రంలో వేస్తారు కదా. పేరుని ఖాళీ దగ్గర స్ప్లిట్ చేసి, ఒక్కో ముక్కలో సున్నా నంబరుది తీసుకోవడం. శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇవ్వండి. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిస్తే ఏమవ్వాలో తెలుగు చదివిన ఎవడైనా చెప్తాడు, శ్రీశ్రీ. మన కోడు చెప్పేది "శశ". మహాకవిని కుందేలు చేసేసింది :-)

ఇలాంటివి ఎత్తి చూపిస్తే టీముల్లో వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "అది ఎడ్జ్ కేసు బాస్, బ్యాక్‌లాగ్‌లో పడెయ్." ఎడ్జ్ కేసా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది అంచున నిలబడితే అంచు విరిగిపోదూ! రెండో జవాబు ఇంకా ముచ్చటైనది: "మన యూజర్లు ఇంగ్లీషులోనే టైపు చేస్తారు, డేటా చూడు." చూశానండీ. తెలుగులో టైపు చేస్తే పేరు తెగుతోంది, వెతికితే దొరకట్లేదు, కుదిస్తే మూడు చుక్కలు. వాడు ఇంగ్లీషులోకి మారక ఏం చేస్తాడు? తలుపు మూసి, ఎవరూ రావట్లేదు కాబట్టి తలుపు అక్కర్లేదనే తర్కం ఇది.

నాలుగు రోజులు ప్రపంచం మన అక్షరం గురించి మాట్లాడుకున్న సందర్భం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"తో మొదలయ్యే ఒక కూర్పు ఎవరైనా పంపితే చాలు ఐఫోనులో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ లోపాన్ని ఫిబ్రవరి 19న 11.2.6 పంపి సరిచేశారు. అప్పుడు ఎడ్జ్ కేసు అని ఎవరూ అనలేదే? బాధ మనది మాత్రమే అయినంత కాలం ఎడ్జ్ కేసు, వాళ్ళకి తగిలితే ఎమర్జెన్సీ.

చిన్న లైబ్రరీలంటేనే నాకు పడదని అనుకోకండి. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ గోల గుర్తుందా? స్ట్రింగుకి ఎడమవైపు ఖాళీలు తగిలించే 11 లైన్ల ప్యాకేజీని దాని యజమాని ఎన్పీఎం నించి తీసేస్తే, రియాక్ట్, బేబెల్ లాంటి పెద్ద పెద్ద వాటి బిల్డులు బొక్కబోర్లా పడ్డాయి. ఆ దెబ్బకి అందరూ నేర్చుకున్న పాఠం, ప్యాకేజీ మాయమైతే ఎలా అని. నా భయం మాయమయ్యేవాటి గురించి కాదు. రోజూ ఉంటూ, బిల్డు పచ్చగా చూపిస్తూ, టెస్టులన్నీ పాసవుతూ తప్పు చేసేవాటి గురించి. ఆ టెస్టుల్లో "ఫూ", "బార్" తప్ప ఇంకో మాట ఉండదు కదా, పాసవక చస్తాయా.

ఇప్పుడైతే సాకు కూడా లేదు. ఇంటల్.సెగ్మెంటర్ అని బ్రౌజరులోనే ఉంది, డౌన్‌లోడు చెయ్యక్కర్లేదు, ఒక్క బైటు బరువు పెరగదు. క్రోమ్‌లో 2020 చివర్లో 87వ వెర్షనుతో వచ్చింది, సఫారీలో 2021లో 14.1తో. ఫైర్‌ఫాక్సు 2024 ఏప్రిల్లో 125తో గానీ ఇవ్వలేదు, అందాకా దాని పేరు చెప్పి మనం తప్పించుకున్నాం. భాష తెలుగు అని, ముక్క గ్రాఫీమ్ అని చెప్పి "వికటకవి" ఇస్తే వి, క, ట, క, వి. తిరగేసి చూసుకోండి.

అయితే దీన్ని కూడా గుడ్డిగా నమ్మమని చెప్పను, లేకపోతే నాకూ ఆ లైబ్రరీ భక్తులకీ తేడా ఏముంది. యూనికోడు పాత నిబంధనల్లో పొల్లు దగ్గర తెగేది. అంటే "స్త్రీ" మూడు ముక్కలు: స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1లో వత్తుని హల్లుతో కలిపి ఉంచే నియమం చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకీ వర్తించింది. (కన్నడం ఆ జాబితాలో లేదు. బెంగుళూరులో ఉన్న మనవాళ్ళు పక్కసీటు కన్నడిగుడికి చెప్పండి పాపం.) కాబట్టి పాత నిబంధనల డేటాతో నడిచే చోట శ్రీశ్రీ పొడి అక్షరాలు "శ్ శ్" అని వస్తాయి, నోర్మూసుకుని కూర్చోమన్నట్టు. ఏ బ్రౌజరు, ఏ నోడ్ వెర్షను, దానిలో ఏ యూనికోడు అన్నది మనమే చూసుకోవాలి.

పైగా తెలుగు ముక్కలు ఒకే రకంగా తెగవు. "ఆంధ్రప్రదేశ్" అంటే జావాస్క్రిప్టు లెంగ్త్ 12. కొత్త నిబంధనల ప్రకారం ఆం, ధ్ర, ప్ర, దే, శ్, ఐదు. పద్యంలో గణవిభజన చేసేవాడు చివరి పొల్లుని వెనకటి అక్షరంలో కలిపేసి దేశ్ అని గురువు వేస్తాడు, నాలుగు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలని పదో తరగతిలో లెక్కపెట్టి మార్కులు కొట్టినవాళ్ళమే మనమందరం. ముక్క అంటే ఏమిటన్న ప్రశ్న మనవాళ్ళు శతాబ్దాల కిందటే అడిగి తేల్చారు, ఆ చదువు చదివొచ్చి కూడా కోడులో ఖాళీ స్ట్రింగు ఇచ్చి కోసేస్తున్నాం. టైపు చేసేటప్పుడు మాత్రం బ్యాక్‌స్పేసు గుర్తు తర్వాత గుర్తు చెరపడమే నయం. వత్తు తప్పు పడితే అక్షరం మొత్తం మళ్ళీ కొట్టమంటే ఎవడి ఓపిక.

ఎస్సెమ్మెస్‌లది ఇంకో లెక్క. ఇంగ్లీషులో 160 పట్టే చోట తెలుగుకి 70, పెద్ద సందేశమైతే ఒక్కో భాగానికి 67. ఫోను తానే అతికించుకునేలా పంపిస్తే ఎక్కడ తెగినా పరవాలేదు. ఎవడో తెలివిగా తనే 70కొకటి చొప్పున కోసి, వేరు వేరు సందేశాలుగా పంపితే మాత్రం ఒకదాని చివర తల, ఇంకోదాని మొదట తోక.

రేపు ఆఫీసుకెళ్ళాక మీ ప్రాజెక్టు టెస్టుల్లో "ఫూ" పక్కన ఐదు మాటలు పెట్టండి. స్త్రీకి ఒకటి రావాలి, వికటకవికి ఐదు, శ్రీశ్రీకి రెండు, ఆంధ్రప్రదేశ్‌కి ఐదు, సాఫ్ట్‌వేర్ కోసి మళ్ళీ అతికిస్తే మధ్య గుర్తు పోకుండా రావాలి. లెక్క తప్పిన చోట ఆ లైబ్రరీ పేరు మీద టికెట్టు వెయ్యండి. లీడు గారు ఎడ్జ్ కేసంటే ఆయన పేరే తెలుగులో టైపు చేసి స్క్రీను ఆయన వైపు తిప్పండి. ఎక్కువ శాతం లీడు గార్లు కృష్ణలో, ప్రసాదులో, లక్ష్మిలో అయ్యుంటారు.